ఆర్టీసీ బస్సు, చట్టం, డబ్బులు: కర్నూలు ప్రయాణికులు తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు బస్టాండులో ఆదోని బస్సు కోసం అరగంట నిలబడితే ఈ ప్రశ్నల్లో సగం చెవిన పడతాయి. మిగతా సగం బస్సు ఎక్కాక, కండక్టర్ టికెట్ మిషన్ పట్టుకుని దగ్గరికి వచ్చినప్పుడు మొదలవుతాయి. మాకు తెలిసినంతలో జవాబులు రాశాం. కొన్నిచోట్ల మా అభిప్రాయం కూడా కలిసింది.

ఆర్టీసీ ప్రభుత్వానిదా, వేరే సంస్థా?

రెండూ. ఆర్టీసీని ఏర్పాటు చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది కేంద్రం చేసిన చట్టం, అదే రోడ్డు రవాణా సంస్థల చట్టం, 1950. దాని కింద మన ఏపీఎస్ఆర్టీసీ 1958 జనవరి 11న పుట్టింది. దానికి ముందు 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో మొదలుపెట్టిన సర్వీసు ఉంది. అది తెలంగాణ వైపు కథ. సీమలో అప్పుడు తిరిగినవి ప్రైవేట్ బస్సులే.

బస్సులు, డిపోలు, బస్టాండు స్థలాలు సంస్థవి. డ్రైవర్, కండక్టర్, మెకానిక్, డీఎం (డిపో మేనేజర్) మాత్రం 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ ఉద్యోగులు. అంటే బండి సంస్థది, దాన్ని నడిపే మనిషి ప్రభుత్వం మనిషి. ఈ ఒక్క ముక్క గుర్తుంటే కింది జవాబుల్లో చాలావాటికి దారి దొరుకుతుంది.

2019లో చేసిన విలీనం చట్టంలో ఏముంది?

దాన్ని పేపర్లలో "ఆర్టీసీ విలీనం" అని రాశారు గానీ, విలీనమైంది సంస్థ కాదు, ఉద్యోగులు. చట్టం పేరులోనే ఉద్యోగులను ప్రభుత్వ సర్వీసులోకి తీసుకోవడం అని ఉంటుంది. దానికోసం ప్రజా రవాణా శాఖ అని కొత్త శాఖ పెట్టారు. అందుకే ఇప్పుడు జిల్లాలో పెద్ద అధికారి బోర్డు మీద ఆర్ఎం (రీజినల్ మేనేజర్) బదులు జిల్లా ప్రజా రవాణా అధికారి అని ఉంటుంది. స్టాఫ్ మాత్రం ఇంకా ఆర్ఎం అనే అంటారు.

విశ్రాంత ఐపీఎస్ అధికారి ఆంజనేయ రెడ్డి అధ్యక్షతన వేసిన కమిటీ నివేదిక ఇచ్చాక, 2019 డిసెంబరులో అసెంబ్లీ బిల్లు ఆమోదించింది. యాభై వేలకు పైగా ఉద్యోగులకు ఇది వర్తించింది. అంతకు రెండు నెలల ముందే, ఇదే డిమాండుతో పక్కన తెలంగాణలో కార్మికులు యాభై రెండు రోజులు సమ్మె చేశారు. మన దగ్గర సమ్మె లేకుండా జరిగిపోయింది.

జీతాల భారం సంస్థ నెత్తి మీద నుంచి దిగడం చిన్న విషయం కాదు. బస్సు నడిపే ఖర్చులో పెద్ద వాటాలు రెండు, జీతాలు, డీజిల్. మొదటిది ట్రెజరీకి వెళ్లిపోయింది. రెండోది ఇంకా టికెట్ డబ్బుల మీదే ఉంది.

ఆడవాళ్లకు ఉచితం అంటున్నారు కదా, ఆ డబ్బు ఎవరు కడుతున్నారు?

రాష్ట్ర ప్రభుత్వం. స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైంది. ఏడాదికి 1,942 కోట్ల రూపాయలు ఖర్చవుతుందని మొదలుపెట్టినప్పుడు ప్రభుత్వమే లెక్క చెప్పింది. నెలకు సుమారు 162 కోట్లు. ఈ డబ్బు ప్రయాణికుల చేతుల మీదుగా రాదు. బస్సులో కొట్టిన జీరో టికెట్లను లెక్కగట్టి, ఆ మొత్తాన్ని సంస్థ ప్రభుత్వం నుంచి తెచ్చుకోవాలి.

ఉచితమే కదా, మరి టికెట్టు ఎందుకు తీసుకోవాలి?

ఈ ప్రశ్నకు మేం రాసేదానికన్నా పత్తికొండ బస్సులో విన్న మాటే మంచి జవాబు. ముందు సీట్లో కూర్చున్న ఒక అవ్వ ఆధార్ కార్డు చూపించి, "డబ్బుల్లేని టికెట్టు నాకెందుకు నాయనా, దాన్ని యాడ పెట్టుకోవాల" అని చెయ్యి వెనక్కి తీసుకుంది. కండక్టర్ కాగితం చింపి ఆమె చేతి సంచిలో పెట్టి, "అది నీకు కాదవ్వా, మాకు" అన్నాడు.

ఆ కాగితాన్ని ఒకసారి చూడండి. ఎక్కిన ఊరు, దిగే ఊరు, అసలు చార్జీ ఎంత, ప్రభుత్వం భరించే రాయితీ ఎంత అని ఉండి, కట్టాల్సింది సున్నా అని ఉంటుంది. ఆ రాయితీ అంకే సంస్థ ప్రభుత్వానికి వేసే బిల్లు. మీరు టికెట్టు తీసుకోకపోతే ప్రయాణం జరుగుతుంది, డీజిల్ కాలుతుంది, బిల్లులో మాత్రం మీరు ఉండరు. సాయంత్రానికి ఆ సర్వీసు లెక్కలో సీట్లు ఖాళీగా తిరిగినట్టే కనిపిస్తుంది. అలా కొన్నాళ్లు కనిపిస్తే మీ ఊరి ట్రిప్పు మీద కత్తి వేలాడుతుంది. పైగా చెకింగ్ వాళ్లు ఎక్కితే చూపించాల్సింది ఆ కాగితమే.

జీరో టికెట్టు కొట్టడానికి బద్ధకించే కండక్టర్లూ ఉన్నారు. రద్దీలో వాళ్ల కష్టం తెలుసు. అయినా అడిగి తీసుకోండి.

ఏ బస్సుల్లో ఉచితం?

పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్. మొదలుపెట్టినప్పుడు చెప్పిన లెక్క ప్రకారం 11,449 బస్సుల్లో 8,458 దీని కిందికి వస్తాయి. అల్ట్రా డీలక్స్, సూపర్ లగ్జరీ, ఏసీ బస్సుల్లో లేదు. పథకం మొదలైనప్పుడు నాన్‌స్టాప్ సర్వీసులనూ మినహాయించారు. రాష్ట్రంలో నివాసం ఉంటున్నట్టు చూపే ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు లాంటిది ఒరిజినల్ ఉంటే ఇబ్బంది రాదు. బాలికలకు, ట్రాన్స్‌జెండర్లకు కూడా వర్తిస్తుంది.

ఆలంపూర్ జోగులాంబ గుడికి పోవాలి. తుంగభద్ర వంతెన దాటితే వచ్చేస్తుంది. ఉచితమేనా?

కాదు. వంతెన దాటితే తెలంగాణ. పథకం మొదలైనప్పుడే అంతర్రాష్ట్ర సర్వీసులు ఇందులో లేవని చెప్పేశారు. రాయచూరు, బళ్లారి బస్సులదీ అదే సంగతి. అనంతపురం, ఆదోని వైపు వాళ్లకు ఇది రోజూ ఎదురయ్యే తలనొప్పి. బోర్డు మీద బళ్లారి అని ఉన్న బస్సులో మధ్య ఊరికే పోవాల్సి వస్తే, ఎక్కకముందే కండక్టర్‌ను అడగండి. ఎక్కి కూర్చున్నాక వాదించుకోవడం ఇద్దరికీ టెన్షనే.

కర్ణాటకలో శక్తి పథకం 2023 జూన్ 11న, తెలంగాణలో మహాలక్ష్మి 2023 డిసెంబరు 9న మొదలయ్యాయి. అంటే తుంగభద్రకు అవతల, హగరి నదికి అవతల కూడా ఆడవాళ్లు ఉచితంగానే తిరుగుతున్నారు. కానీ ఒక్కో రాష్ట్రం తన ఖజానా నుంచి తన వాళ్లకే కడుతోంది. సరిహద్దులో ఉన్న మనం రెండింటి మధ్యా చిల్లర వెతుక్కోవాలి. రాష్ట్రాలు రూట్ల మీద ఒప్పందాలు చేసుకోవడానికి మోటారు వాహనాల చట్టం 88వ సెక్షన్‌లో దారి ఉంది. ఉచిత ప్రయాణం మీద కూడా అలాంటిది చేసుకుంటే బాగుంటుందని మా కోరిక.

బడ్జెట్‌లో పెట్టారంటే డబ్బు వచ్చేసినట్టేనా?

ఇక్కడే చాలామంది పొరబడతారు. అసెంబ్లీ బడ్జెట్ పాస్ చేస్తే, ఇంత వరకు ఖర్చు పెట్టవచ్చని అనుమతి ఇచ్చినట్టు మాత్రమే. దాని తర్వాత ఆర్థిక శాఖ విడుదల ఉత్తర్వు ఇవ్వాలి. సెక్రటేరియట్ భాషలో బీఆర్ఓ అంటారు. ఆ తర్వాత బిల్లు సీఎఫ్ఎంఎస్‌లో, అంటే ప్రభుత్వం బిల్లులు చెల్లించే ఆన్‌లైన్ వ్యవస్థలో ఎక్కాలి, పాస్ కావాలి. ప్రభుత్వంతో ఎప్పుడైనా చిన్న కాంట్రాక్టు చేసినవాళ్లను అడగండి, సీఎఫ్ఎంఎస్‌లో బిల్లు ఎన్నాళ్లు కూర్చుంటుందో కథలు కథలుగా చెబుతారు.

బస్సు అంత ఓపిగ్గా కూర్చోదు. డీజిల్ రోజూ పోయాలి, టైరు అరిగితే ఈరోజే మార్చాలి. రీయింబర్స్‌మెంటు రెండు నెలలు ఆలస్యమైతే ఎవరూ ప్రెస్‌మీట్ పెట్టి చెప్పరు. స్పేర్ పార్టు లేక డిపోలో ఒక బండి ఆగుతుంది, ఆ బండి చేయాల్సిన ట్రిప్పు కాన్సిల్ అవుతుంది. మీకు తెలిసేది మీ స్టాపులో గంటసేపు నిలబడినప్పుడే. అందుకే పథకం ప్రకటించిన రోజు కంటే, ప్రతి మూడు నెలలకు ఎంత విడుదలైందన్నది చూడటం ముఖ్యమని మా పట్టుదల.

ఒక చిన్న విశేషం. ఈ పథకం మొదలైనప్పుడు ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ ఉరవకొండ ఎమ్మెల్యే, రవాణా మంత్రి మండిపల్లి రాంప్రసాద్ రెడ్డి రాయచోటి ఎమ్మెల్యే. డబ్బు ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి రెండూ సీమవే. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

నష్టం వచ్చినా బస్సు నడపమని ప్రభుత్వం ఆదేశించవచ్చా?

ఆదేశించవచ్చు. 1950 చట్టంలో మూడు సెక్షన్లు పక్కపక్కన పెట్టి చదవాలి. 18వ సెక్షన్ ప్రకారం, సరిపడా, పొదుపైన, చక్కటి రవాణా కల్పించడం సంస్థ బాధ్యత. 22వ సెక్షన్ వ్యాపార సూత్రాల మీద నడవమంటుంది. 34వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం సాధారణ ఆదేశాలు ఇవ్వవచ్చు, సంస్థ వాటిని పాటించాలి.

ఒకే ఇంట్లో ముగ్గురు పెద్దలు మూడు మాటలు చెప్పినట్టుంది కదా. జనానికి సేవ చెయ్యి, నష్టపోవద్దు, చెప్పింది విను. ఆదేశం వల్ల వచ్చే నష్టాన్ని ప్రభుత్వం పూడ్చాలన్న మాట 34వ సెక్షన్‌లో లేదు. స్టూడెంట్ పాసులు, అరవై దాటినవాళ్ల 25 శాతం రాయితీ, ఇప్పుడు స్త్రీశక్తి, అన్నింటికీ రీయింబర్స్‌మెంటు ప్రభుత్వం మాట మీద, బడ్జెట్ కేటాయింపు మీద నడుస్తోంది. మా దృష్టిలో ఈ చట్టంలో ఉన్న పెద్ద లోటు ఇదే. ఉచితానికి పార్టీలన్నీ ఒప్పుకుంటాయి. "ఫలానా తేదీలోపు కడతాం, లేకపోతే వడ్డీతో కడతాం" అని చట్టంలో రాయడానికి మాత్రం ఎవరూ ముందుకు రారు.

లాభం వస్తే ఎవరికి?

30వ సెక్షన్‌లో ఉంది. ప్రయాణికుల సౌకర్యాలు, కార్మికుల సంక్షేమం, ప్రభుత్వ అనుమతితో విస్తరణ. ఇవి పోగా మిగిలితే రోడ్ల కోసం ప్రభుత్వానికి. మిగిలిన సంవత్సరం కోసం ఎదురు చూద్దాం.

మా ఊరికి రాత్రి హాల్ట్ బస్సు ఉండేది. ఎందుకు తీసేశారు?

సీమ పల్లెల్లో నైట్ హాల్ట్ బస్సు అంటే సగం ఊరి బంధువు. రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చి రచ్చబండ పక్కన ఆగేది. డ్రైవరు, కండక్టరు స్కూలు వరండాలోనో, బస్సులోనే సీట్ల మీదో పడుకునేవాళ్లు. ఎవరో ఒకరి ఇంటి నుంచి వాళ్లకు రొట్టె, పప్పు వచ్చేది. తెల్లవారి ఐదున్నరకు హారన్ కొడితే కూరగాయల బుట్టలతో, కాలేజీ పిల్లలతో నిండేది.

దాన్ని తీసేయడానికి డిపోలో చెప్పే కారణం మూడు అక్షరాలు: ఈపీకే. అంటే కిలోమీటరుకు వచ్చిన ఆదాయం. దాన్ని సీపీకేతో, అంటే కిలోమీటరు ఖర్చుతో పోలుస్తారు. పక్కన ఓఆర్ అని ఇంకో అంకె ఉంటుంది, సీట్లు ఎంత శాతం నిండాయో చెప్పేది. ఈపీకే చాలాకాలం అడుగున ఉంటే ఆ ట్రిప్పును "రీషెడ్యూల్" చేస్తారు. ఆ మాటకు అర్థం చాలాసార్లు ఎత్తేయడమే.

స్త్రీశక్తి తర్వాత ఈ లెక్క మారాలి. ఆడవాళ్ల జీరో టికెట్లను కూడా ఆదాయంగా కలిపితే, పల్లె రూట్లలో ఓఆర్, ఈపీకే రెండూ పెరుగుతాయి. కాబట్టి మీ ట్రిప్పు గురించి అడిగేటప్పుడు డీఎంను ఒకే మాట అడగండి: "సార్, ఈ ఈపీకేలో జీరో టికెట్ల విలువ కలిపారా?"

చార్జీలు ఎవరు పెంచుతారు?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 67వ సెక్షన్ ప్రకారం చార్జీల మీద ఆదేశాలిచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. సంస్థ అడుగుతుంది, ప్రభుత్వం ఒప్పుకుంటే పెరుగుతుంది. 2019 డిసెంబరులో అలా పెరిగింది. 2022 ఏప్రిల్‌లో చార్జీ అనకుండా డీజిల్ సెస్ అని వేశారు. పల్లెవెలుగులో 2 రూపాయలు, ఎక్స్‌ప్రెస్‌లో 5, లగ్జరీ, ఏసీల్లో 10. జూలైలో దాన్నే దూరాన్ని బట్టి మార్చారు. పేరు ఏదైనా జేబు ఒక్కటే.

నాన్ ఏసీ బస్సు టికెట్టు మీద జీఎస్టీ లేదు. ఏసీ బస్సుకు 5 శాతం ఉంది.

డీజిల్ మీద ఆర్టీసీకి పన్ను మినహాయింపు ఉంటుందా?

బస్సులో నింపే డీజిల్ జీఎస్టీలోకి రాదు. కేంద్ర ఎక్సైజ్, రాష్ట్ర వ్యాట్ రెండూ పడతాయి. మన రాష్ట్రంలో శాతంగా వేసే వ్యాట్ మీద లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్ 1 రూపాయి అదనం. రాయదుర్గం, ఆలూరు వైపు లారీలవాళ్లు కర్ణాటక బంకుల్లో ట్యాంకు నింపుకోవడానికి కారణం ఇదే.

2022 మార్చిలో ఒక వింత జరిగింది. టోకుగా కొనే డీజిల్ ధర బంకు ధరను మించి లీటరుకు పాతిక రూపాయల దాకా ఎక్కువైంది. డిపోలో సొంత బంకు పెట్టుకుని, ఆర్టీసీ బస్సులు ఊళ్లోని మామూలు బంకుల ముందు మోటారు సైకిళ్ల వెనక వరసలో నిలబడ్డాయి.

కొత్త బస్సు కొనడం మాత్రం కొంచెం తేలికైంది. 2025 సెప్టెంబరు 22 నుంచి బస్సుల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది.

కర్నూలుకు ఎలక్ట్రిక్ బస్సులు కేంద్రం ఇస్తోందా?

బస్సులు ఇవ్వదు, నడిపే ఖర్చులో వాటా ఇస్తుంది. పీఎం ఈ-బస్ సేవా పథకానికి కేంద్ర క్యాబినెట్ 2023 ఆగస్టులో ఒప్పుకుంది. దేశమంతటికీ 10,000 బస్సులు. అంచనా 57,613 కోట్లు, అందులో కేంద్రం వాటా 20,000 కోట్లు. మన రాష్ట్రానికి 750 బస్సులు. కర్నూలు, కడప, అనంతపురం మూడూ ఆ జాబితాలో ఉన్నాయి.

పద్ధతి ఇలా ఉంటుంది. టెండరులో గెలిచిన కంపెనీ బస్సు తెస్తుంది, డ్రైవర్‌ను పెడుతుంది. కండక్టర్ ఆర్టీసీ మనిషి, టికెట్ డబ్బులు ఆర్టీసీవి. కంపెనీకి కిలోమీటరుకు ఇంత అని ఆర్టీసీ కట్టాలి. అందులో కేంద్రం 12 మీటర్ల బస్సుకు కిలోమీటరుకు 24 రూపాయలు, 9 మీటర్ల బస్సుకు 22 రూపాయలు పదేళ్ల పాటు ఇస్తుంది. రోజుకు 200 కిలోమీటర్లు తిరిగే పెద్ద బస్సు అనుకుంటే 4,800 రూపాయలు. మిగతాది మన టికెట్లు, మన రాష్ట్ర ఖజానా చూసుకోవాలి.

కంపెనీలకు ఉన్న భయం ఆర్టీసీలు సమయానికి కడతాయా అని. ఆ భయం తీర్చడానికి 2024 సెప్టెంబరులో కేంద్రం 3,435 కోట్లతో చెల్లింపు భద్రత పథకం తెచ్చింది. ఆర్టీసీ కట్టకపోతే ముందు ఆ నిధి నుంచి కంపెనీకి కట్టి, తర్వాత రాష్ట్రం నుంచి రాబడతారు. గమనించారా? బస్సు కంపెనీకి బాకీ పడితే గట్టి హామీ దొరికింది. ఆర్టీసీకి ప్రభుత్వం బాకీ పడితే అలాంటిదేమీ లేదు.

మరి రాత్రిపూట పోయే ప్రైవేట్ స్లీపర్ బస్సులు ఏ చట్టం కింద?

చట్టంలో బస్సులు రెండు రకాలు. స్టాపు స్టాపుకూ ఎక్కించుకుని దించేది స్టేజ్ క్యారేజ్. మొత్తంగా మాట్లాడుకుని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకుపోయేది కాంట్రాక్ట్ క్యారేజ్. స్లీపర్ బస్సుల్లో చాలావాటికి ఉన్నది 2023 నిబంధనల కింద కేంద్రం ఆన్‌లైన్‌లో ఇచ్చే అఖిల భారత టూరిస్ట్ పర్మిట్. కానీ సీటుకో టికెట్టు అమ్ముతాయి, దారిలో ఎక్కించుకుంటాయి. ఎక్కడో దూరపు రాష్ట్రంలో రిజిస్టరై, హైదరాబాద్ బెంగళూరు మధ్య తిరిగే బండ్లు 44వ నంబరు హైవే మీద రోజూ కనిపిస్తాయి. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున మన చిన్నటేకూరు దగ్గర స్లీపర్ బస్సు కాలిపోయి 19 మంది ప్రయాణికులు చనిపోయాక ఈ పర్మిట్ల మీద తనిఖీలు పెరిగాయి. అంతకుముందు అదే దారిలో అవే బస్సులు అందరి కళ్ల ముందే తిరిగాయి.

ప్రైవేట్ బస్సుల రూట్లు ఆర్టీసీకి ఎలా వచ్చాయి? గొడవలు జరగలేదా?

జరిగాయి, అదీ మన జిల్లాలోనే. పాత మోటారు వాహనాల చట్టం, 1939 కింద ప్రభుత్వం స్కీమ్ ప్రకటించి రూట్లను జాతీయం చేసేది. 1960ల మొదట్లో, ఏ ప్రాంతం తర్వాత ఏ ప్రాంతాన్ని జాతీయం చేయాలని ముందు అనుకున్న వరుస మార్చి కర్నూలు జిల్లా పడమటి భాగాన్ని ముందుకు తెచ్చారు. ఎన్నికల్లో తనకు ఎదురు తిరిగిన బస్సు యజమానులను దెబ్బ తీయడానికే ముఖ్యమంత్రి ఇలా చేయించారని యజమానులు కోర్టుకు ఎక్కారు. అప్పటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. ఊరు అనంతపురం జిల్లా ఇల్లూరు, 1962లో గెలిచింది మన డోన్ నుంచి.

సుప్రీంకోర్టు 1964లో ఆ స్కీములను కొట్టేసింది. ఆరోపణలకు జవాబుగా ముఖ్యమంత్రి అఫిడవిట్ వేయలేదన్న సంగతిని గట్టిగా పట్టుకుంది. ఆయన రాజీనామా చేశారు. తర్వాత రాష్ట్రపతి కూడా అయ్యారు, అది వేరే కథ. బస్సు రూటు కోసం ముఖ్యమంత్రి కుర్చీ పోయిన చోట, మనం ఒక్క ట్రిప్పు కోసం అర్జీ పెట్టడానికి జంకుతాం.

ఇప్పుడు ఆ అధికారం 1988 చట్టం 99వ సెక్షన్‌లో ఉంది. స్కీమ్ ప్రకటించాక అభ్యంతరాలు వినాలి.

ఆటోవాళ్లకు దెబ్బ తగలలేదా?

తగిలింది. కర్నూలు సీ క్యాంపు దగ్గరైనా, అనంతపురం టవర్ క్లాక్ దగ్గరైనా షేర్ ఆటోవాళ్లను అడిగితే చెబుతారు. ప్రభుత్వం 2025 అక్టోబరు 4న ఆటో, ట్యాక్సీ, మ్యాక్సీ క్యాబ్ డ్రైవర్లకు ఏడాదికి 15,000 రూపాయలు ఇచ్చే పథకం పెట్టింది. నెలకు 1,250. రోజు ఆదాయం ఎంత తగ్గిందో దానితో పోల్చుకోవడం వాళ్లకే వదిలేస్తున్నాం.

మా రూటు లెక్కలు తెలుసుకోవాలంటే?

ముందు డిపోకు పోయి డీఎంను కలవండి. సర్పంచ్ సంతకం, కాలేజీ పిల్లల పేర్లు ఉన్న అర్జీ అయితే బరువుంటుంది. డయల్ యువర్ డీఎం పెట్టిన రోజు ఫోన్ చేయండి. పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి.

రాతపూర్వకంగా అంకెలు కావాలంటే సమాచార హక్కు చట్టం కింద జిల్లా కార్యాలయానికి పది రూపాయలు కట్టి అడగవచ్చు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. "మా ఊరికి బస్సు ఎందుకు లేదు" అని రాస్తే ఒక్క లైను జవాబు వస్తుంది. ఇలా రాయండి: ఫలానా సర్వీసు గత పన్నెండు నెలల్లో నెలవారీగా ఎన్ని ట్రిప్పులు తిరగాలి, ఎన్ని తిరిగింది, ఎన్ని కాన్సిల్ అయ్యాయి, కారణం ఏమిటి, ఈపీకే, ఓఆర్ ఎంత, అందులో జీరో టికెట్లు ఎన్ని, వాటి విలువ ఎంత, ఆ విలువలో ప్రభుత్వం నుంచి ఏ తేదీన ఎంత అందింది. చివరి ప్రశ్నకు జవాబు డిపోలో ఉండదు, పైకి పంపుతామంటారు. పంపమనండి, ఆ బదిలీ ఉత్తర్వు కాపీ కూడా మీకు రావాలి.